స్థానికులు తెలిపారు

కోట,
12 జూన్ 2023

బెన్హర్‌కు,

నీ బావ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఫోన్ చేయకుండా కాగితం మీద రాసినందుకు సంతోషం. నా చెవులు ఇప్పుడు సగం మాటే వింటున్నాయి. పైగా ఫోన్లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు, అన్నవాడే అనలేదంటాడు.

సంగం హైస్కూల్లో జీవితమంతా సైన్సు చెప్పి రిటైరైనవాడివి. సాయంత్రం పూట బ్యారేజీ మీద నాలుగడుగులు నడిస్తే షుగరు తగ్గుతుంది. అది మాని కంప్యూటరు ముందు కూర్చుని వికీలో వ్యాసాలు రాస్తున్నానంటావు. అక్కడ మీ అక్క పేరున ఒక పేజీ పెడతానంటావు, దానికి నన్ను పాత పేపరు కత్తిరింపులు పంపమంటావు.

పంపను. ఎందుకో విను.

తీరవాణి పేపర్లో నేను ఒక ముక్క రాస్తే దాని నెత్తిన ‘కోట’ అని ఊరి పేరుండేది. కోట అంటే జకరయ్య అని జిల్లాకంతా తెలుసు. రాసింది నచ్చకపోతే పొద్దున్నే మనిషి నా వాకిట్లో నిలబడేవాడు. రొయ్యల చెరువుల వ్యవహారం రాసినప్పుడు ఎవరో నా సైకిలు టైర్లు రెండూ కోసి పోయారు. రాసినవాడికి ఒక చిరునామా ఉండాలి, కోయడానికి ఒక టైరు ఉండాలి. బాధ్యత అంటే అది. నీ వికీలో రాసేవాడి టైరు ఎక్కడ కోస్తావు? మా కాలంలో పేరు లేకుండా రాసేవాణ్ని ఆకాశరామన్న అనేవాళ్ళం. వాడి ఉత్తరం పొయ్యిలోకి పోయేది. ఇప్పుడు లక్షమంది ఆకాశరామన్నలు కూడి విజ్ఞాన సర్వస్వం రాస్తున్నారు, దాన్ని చూసి పిల్లలు పరీక్షలు రాస్తున్నారు. మా కోట పేజీలో ఎవడో తన అభిమాన హీరో పేరు చేర్చి పోయాడట, ఇంకెవడో వచ్చి కొట్టేశాడట. అది గ్రంథమా, బస్టాండు గోడా?

అయినా మీ అక్కకు ముద్రణలో మర్యాద దక్కలేదని నువ్వు నాకు గుర్తు చేయనక్కరలేదు. ఆమె పోయిన మర్నాడు పేపర్లో వచ్చింది నా కళ్ళ ముందే ఉంది. ‘సీనియర్ పాత్రికేయుడు జకరయ్యకు సతీవియోగం.’ నాలుగు వరుసలు. నా పేరు మూడుసార్లు ఉంది. ఎలిశబెతు అనే పేరు ఒక్కసారి కూడా లేదు. గూడూరు డెస్క్‌లో కూర్చున్న శివశంకర్ చేసిన పని అది. వాడికి వాక్యం రాయడం నేర్పింది నేను. కంప్యూటరు రాదని నన్ను ఇంటికి పంపింది వాడు. నా మీద కసిని చచ్చినామె మీద తీర్చుకున్నాడు. ఐదేళ్ళయింది, వాడి మొహం చూడలేదు. చూడను.

మీ అక్క సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు, దేవుడికి తెలుసు. ఆ ముగ్గురం చాలు.

నీ ఇంటావిడ లిల్లీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయో రాయలేదు. ఆవనూనె రాయమను.

ఇట్లు,
జకరయ్య
తీరవాణి కోట విలేఖరి (విశ్రాంత)


సంగం,
25 జూన్ 2023

బావగారికి,

బెన్హర్, లిల్లీ చేతులు జోడించి చెప్పే వందనాలు. మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి. ఆవనూనె వాసన తనకు పడదట. మీ ఉత్తరం చదివి వినిపిస్తే టైర్ల దగ్గర నవ్వి, “మీ బావ ఆ టైర్లకు ఇంకా పంక్చరు వేయించలేదా?” అంది.

పేజీ పెట్టేశాను బావా. మీ అనుమతి లేకుండా పెట్టినందుకు తిట్టండి, పడతాను. అక్క నడికుప్పం మిషను బడిలో పాఠం చెప్పిన సంగతి, చేపల బస్సు సంగతి రాశాను. కొత్తవాళ్ళకు చేపల బస్సంటే ఏమిటో తెలియదు కదా, అందుకని మొదటి నుంచీ చెప్పాను. 1988లో కోటకు తిరిగే ప్రైవేటు బస్సువాళ్ళు కంపు కొడుతుందని చేపల గంపలతో ఆడవాళ్ళను ఎక్కనివ్వకపోవడం, గంపలు నెత్తిన పెట్టుకుని జాలర్ల కుప్పం ఆడవాళ్ళు ఎండలో నడవడం, చివరికి అక్క వాళ్ళందరినీ కూడగట్టి కాలువ వంతెన మీద బస్సుకు అడ్డంగా కూర్చోవడం, తాసిల్దారు వచ్చి ఒప్పించాక పొద్దుటి, సాయంత్రపు ట్రిప్పుల్లో వెనక భాగమంతా గంపలకు వదిలేయడం. ఇవన్నీ.

వారం తిరక్కుండా పేజీ నెత్తిన ఒక నోటీసు పెట్టారు. ‘ఈ వ్యక్తి గురించి స్వతంత్రమైన, ప్రచురితమైన ఆధారాలు చూపకపోతే వ్యాసాన్ని తొలగిస్తాం’ అని. కోపం తెచ్చుకోకండి. అక్కడి పద్ధతి అది. నేను చూశానంటే చెల్లదు. తమ్ముణ్ని కాబట్టి అసలే చెల్లదు. బయటివాళ్ళు ఎవరో ముందే అచ్చేసి ఉండాలి. మీరు వికీని ఎంత తిట్టినా, ఆ వికీ మాత్రం పేపరు చెప్పనిదే ఒక్క మాట నమ్మదు. మిమ్మల్ని మించిన పేపరు భక్తులు బావా వాళ్ళు.

ఇంకో మాట. బస్టాండు గోడ అన్నారు. గోడ మీద ఒకటి కొట్టేసి ఇంకొకటి రాస్తే కిందది కనిపించదు. ఇక్కడ ప్రతి పేజీ వెనకా ‘చరిత్ర’ అని ఒక చోటు ఉంటుంది. ఎవరు ఏ మాట చేర్చారు, ఎవరు కొట్టేశారు, ఎందుకు కొట్టేశారు, తేదీతో సహా ఉంటుంది. కొట్టేసిన మాట కూడా అక్కడే ఉంటుంది.

ఈ జిల్లాలో నడికుప్పం గురించి మీకంటే ఎక్కువ రాసినవారు లేరు. బస్సు గొడవ మీరే రాసి ఉంటారు. ఆ ఒక్క కత్తిరింపు పంపండి, అక్క పేజీ నిలబడుతుంది. జూలై దాటితే తీసేస్తారు.

మీ బావమరిది,
బెన్హర్


కోట,
4 జూలై 2023

బెన్హర్‌కు,

స్వతంత్రమైన ఆధారమా! నలభై ఏళ్ళకు దగ్గరగా పేపరుకు రాసిన నేను స్వతంత్రుణ్ని కాదా? ఆ నోటీసు పెట్టినవాడు పుట్టక ముందే నేను రాసిన వార్త మీద కలెక్టరు విచారణకు వచ్చాడు. నువ్వు వాడి మాటను భక్తిగా ఎత్తిరాసి నాకు పంపుతావు. నా మాట చెల్లదని నాకే చెప్పడానికి నా బావమరిదే దొరికాడు వాళ్ళకు.

ఇదిగో కత్తిరింపు. ఇనప్పెట్టెలో ఉన్న అసలు ప్రతి. జిల్లా పేజీలో పతాక వార్త, మూడు కాలమ్‌లు. నెల్లూరులో ఆ రోజు కలెక్టరాఫీసులో దీన్ని చేతులు మార్చుకుని చదివారు. వెడల్పాటి కవరులో పెట్టాను, మడవకుండా తిరిగి పంపు.

చదివే ముందు ఒకటి తెలుసుకో. నేను పేపర్లో చేరిన రోజున మా పాత ఎడిటరు గారు పిలిచి ఒకే మాట చెప్పారు: “జకరయ్యా, విలేఖరి ఇంటి గోడ వార్తలోకి రాకూడదు.” పక్క మండలంలో ఒక విలేఖరి ఉండేవాడు. వాడి మామ గుడికి గంట ఇస్తే బాక్సు కట్టి వేయించేవాడు, కొడుకు క్లాసులో ఫస్టు వస్తే ఫోటో. ఊళ్ళో జనం వాడి పేపరును పెళ్ళి ఆల్బం అనేవాళ్ళు. నేను ఆ పని చేయలేదు. నా కలం ఎప్పుడూ నా గడప దాటి లోపలికి రాలేదు. నేను గర్వపడే నాలుగు విషయాల్లో అది మొదటిది.

రోము చరిత్రకారుల దగ్గర నుంచి మన శాసనాల దాకా చదివినవాణ్ని. రాసినవాడు పక్కకు తప్పుకుంటేనే రాసినదానికి విలువ. నీ వికీవాళ్ళకు ఆ సంగతి ఇప్పుడు తెలిసిందేమో, నాకు ముందే తెలుసు. కాబట్టి నీతులు నాకు వద్దు.

ఎండలు తగ్గలేదు. సముద్రపు గాలి సాయంత్రం దాకా రావడం లేదు.

ఇట్లు,
జకరయ్య
తీరవాణి కోట విలేఖరి (విశ్రాంత)


సంగం,
17 జూలై 2023

బావగారికి,

వందనాలు. కత్తిరింపు భద్రంగా అందింది. మడవకుండా అట్టల మధ్య పెట్టి దీనితోపాటే పంపుతున్నాను.

చదివాను. మళ్ళీ చదివాను. లిల్లీ చేత కూడా చదివించాను, నా కళ్ళు ఏదైనా వదిలేశాయేమోనని.

మంచి వార్త బావా. కాలువ వంతెన, ఎండ, గంపల మీద కప్పిన తాటాకులు, అన్నీ కంటికి కట్టాయి. బస్సు యజమాని పేరుంది. డ్రైవరు పేరుంది. తాసిల్దారు పేరు ఇంటిపేరుతో సహా ఉంది. కూర్చున్న ఆడవాళ్ళు మాత్రం ‘మత్స్యకార మహిళలు’. వాళ్ళను నడిపించింది ‘స్థానికంగా పనిచేసే ఒక ఉపాధ్యాయురాలు’. అంతే. దీన్ని ఆధారంగా చూపిస్తే, ఆ ఉపాధ్యాయురాలు ఎలిశబెతు అని ఎక్కడుందని అడిగారు. ఎక్కడుందో నాకు దొరకలేదు.

ఇంకేదైనా దొరుకుతుందేమోనని నెల్లూరు వెళ్ళి లైబ్రరీలో తీరవాణి పాత సంపుటాలు తిరగేశాను. దుమ్ముకు రెండు రోజులు తుమ్ముతూనే ఉన్నాను. తుఫానులు, కలరా, పడవ మునక, సారా గొడవ, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేసి చేప రాకుండా పోవడం. నడికుప్పం మీద మీరు రాసినవి దొరికినన్ని చదివాను. అన్నింటిలోనూ ఒకే మాట: ‘స్థానికులు తెలిపారు.’ వాటిని నడికుప్పం పేజీలో ఆధారాలుగా చేర్చాను, అవి నిలబడ్డాయి. కాని ‘స్థానికులు’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఎవరో పక్కనే చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న తగిలించారు. ‘ఎవరు?’ అని. అది వాళ్ళ అలవాటట. చెప్పినవాళ్ళు ఎవరో తెలియని మాట కనిపిస్తే అట్లా గుర్తు పెడతారు.

ఎవరు బావా?

అది అడగడానికే నడికుప్పం వెళ్ళాను. పేరమ్మ గుర్తుందా? చేపలమ్మే పేరమ్మ, అక్క బడి పక్క ఇల్లు. ఇప్పుడు చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. మీ వార్తలో స్థానికులని ఉంది, వాళ్ళెవరమ్మా అంటే, ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను:

“యా స్థానికులు నాయనా? బస్సు ముందర మొదట కూకునింది మీ అక్క. మేమంతా ఎనకాల్నే నిలబడి వొణకతా ఉంటే, ‘మే పేరమ్మా, గంప దించి కూకో, బస్సుకు కండ్లు ఉండాయిలే’ అనింది. మర్సట్రోజు పేపరు సదివించుకున్నాం. డ్రైవరు పేరు ఉండాది, ఓనరు పేరు ఉండాది. ‘మా పేర్లు ఏవమ్మా, నీ పేరు యాడమ్మా’ అంటే మీ అక్క నవ్వేసి, ‘మన పేరు స్థానికులు మే’ అనింది. ఇంక ఆ పొద్దు నించి మాలో మేము అట్టనే పిల్చుకుంటిమి. ‘ఏమ్మే స్థానికులూ, వంజరం ఎట్టా ఇస్తివి?’ అని.”

చుట్టూ ఉన్న ముసలాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. బస్సులో తిరిగి వస్తుంటే నవ్వు రాలేదు.

కుప్పంలో ఏం జరిగినా అక్క సాయంత్రం బస్సు దిగి మీకు చెప్పేదట కదా. పేరమ్మ మాట రికార్డు చేసుకున్నాను. అది కూడా చెల్లదు. అచ్చు కాలేదు కాబట్టి.

తప్పుగా అనుకోకండి బావా. ఆమె పేరున్న ఒక్క వార్త ఉన్నా పంపండి.

బెన్హర్


కోట,
28 జూలై 2023

బెన్హర్‌కు,

పేజీ పేరు చెప్పి నువ్వు మొదలుపెట్టింది నా మీద విచారణ అని ఇప్పుడు అర్థమైంది. సాక్షులను కూడా పిలిపించావు. బాగుంది. చేపలమ్మేవాళ్ళ చేత నా మీద నవ్వించావు.

మిషను బడి టీచరు పేరు పేపర్లో వేస్తే మేనేజ్‌మెంటు మర్నాడే కాగితం పంపేది. ఆమె ఉద్యోగం కాపాడింది ఆ ‘స్థానికులు’ అన్న మాటే. అది నీకు తట్టలేదు. ముప్పై ఏళ్ళు మీ అక్క తిన్న అన్నం ఆ మాట పెట్టింది.

అయినా నేను పేర్లు రాసే పంపేవాణ్ని. డెస్క్‌లో కోసేవాళ్ళు. చోటు చాలదని, పేరు ఎందుకని. కోసేది ఎవరు? శివశంకర్. సతీవియోగం వార్తలో పేరు కోసినవాడు బస్సు వార్తలో కోయడా? గూడూరు ఎంత దూరం, వెళ్ళి వాణ్నే అడుగు. నన్నడగకు.

ఇకమీద ఈ సంగతి మీద ఉత్తరం రాయవద్దు.

జకరయ్య
తీరవాణి కోట విలేఖరి (విశ్రాంత)


సంగం,
14 ఆగస్టు 2023

బావగారికి,

రాయవద్దన్నారు. వెళ్ళి అడగమని కూడా మీరే అన్నారు. అడిగినవాడు జవాబు తెచ్చి ఇవ్వాలి కదా.

శివశంకర్ గారు గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు వెనక ఉంటున్నారు. కరోనా ఏడాది తీరవాణి మూతపడ్డాక తనకూ పని లేదు. అల్లుడి కమీషను కొట్లో కూర్చుని బస్తాలు చూస్తుంటారు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి కుర్చీ నాకిచ్చారు. “సార్ బాగుండాడా? ఆయాసం తగ్గిందా?” అని అడిగారు. మీకు ఆయాసమని ఆయనకు తెలుసని నాకు తెలియదు.

మొదట బస్సు వార్త అడిగాను. “నేను డెస్క్‌లో చేరింది తొంభై ఒకటిలో కదా, అప్పటికి ఆ వార్త పాతబడింది” అన్నారు. నిజమే, తేదీలు చూసుకున్నాను.

తర్వాత సతీవియోగం సంగతి అడిగాను. ఆయన ముందున్న బస్తాలోని నిమ్మకాయలు ఏరడం మొదలుపెట్టారు. ఏరుతూనే చెప్పింది ఇది:

“నేనే ఫోన్ చేసినా సార్‌కి. ‘పెద్ద వార్త వేద్దాం సార్, మేడం బడి గురించి, బస్సు గురించి’ అన్నా. సార్ ‘రాసుకో’ అన్నాడు. రోజూ వార్త చెప్పినట్టే చెప్పినాడు. గొంతు వొణకలా. కామా యాడ పెట్టాల్నో కూడా చెప్పినాడు. ‘సార్, మేడం పేరు?’ అంటే, ‘ఫార్మాట్ తెలీదా నీకు, ఇన్నేండ్లు ఏం నేర్చుకున్నావు’ అని కసిరినాడు. సతీవియోగం వార్తంటే అంతే కదా సామీ. ఎవరికి వియోగమో వాళ్ళ పేరుంటాది. సార్ కాపీలో ఒక్క అక్షరం మార్చే ధైర్యం నాకు ఎప్పుడుండింది? ఉండుంటే ఆ ఒక్కరోజు మార్చాల్సింది.”

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నారు. “సార్‌కి ఇది చెప్పమాకండి. నేనే కోసినానని అనుకుంటా ఉండాడు కదా, అనుకోనీండి. తిట్టుకునేదానికి ఆయనకు ఒక మనిషి కావాల” అన్నారు. ఒక సంచి నిమ్మకాయలు కట్టించి ఇచ్చారు. సగం మీకట.

చెప్పవద్దన్న మాట తప్పి మీకు రాస్తున్నాను. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. లిల్లీ రాయవద్దంది.

పేజీ తీసేశారు. తీసేసినాయన చెడ్డవాడు కాదు. చర్చ పేజీలో నాకు ఇట్లా రాశాడు: ‘ఆమె సేవ గొప్పదని మీ మాటల్లో తెలుస్తోంది. ఆమె గురించి ఎక్కడైనా ఒక్క వార్త దొరికితే చెప్పండి, వ్యాసాన్ని నేనే తిరిగి పెడతాను.’

ఆ ఒక్క వార్త రాయగలిగిన మనిషి ఈ జిల్లాలో ఒక్కరే ఉండేవారు బావా.

బెన్హర్


కోట,
5 నవంబరు 2023

బెన్హర్‌కు,

మూడు నెలలు ఊరకున్నాను. నిమ్మకాయలు లారీ సర్వీసులో వచ్చాయి. కొన్ని ఊరగాయ వేయించాను. తక్కినవి ఎండిపోయాయి.

శివశంకర్ అబద్ధం చెప్పాడని రాద్దామని రెండుసార్లు కాగితం తీశాను. ఆ ఫోను నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడం వేరు, జరగకపోవడం వేరు అని నేనే కుర్రవాళ్ళకు నేర్పేవాణ్ని. ఒకటి మాత్రం గుర్తుంది. మర్నాడు పేపరు చూసినప్పుడు, ఆమె పేరు లేదని కోపం రావడానికి ముందు, వాక్యం బాగా కుదిరిందని అనిపించింది. నా వాక్యాన్ని నేను గుర్తుపట్టాను. ఆ వెంటనే దాన్ని వాడి మీదకు తోసేశాను.

మేనేజ్‌మెంటు కాగితం పంపేదని రాశాను. ఆ బడిని నడిపే పాస్టరు గారు మీ అక్కను బస్సు గొడవ తర్వాత చర్చిలో నిలబెట్టి మెచ్చుకున్నారు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. పేర్లు రాసి పంపేవాణ్నని కూడా రాశాను. పంపలేదు.

పోయిన నెల నడికుప్పం వెళ్ళాను. నడికుప్పం వార్తలు రాసి పేరు తెచ్చుకున్న మనిషిని, ఆ ఊళ్ళో నేను కాలు పెట్టింది తక్కువ అని బస్సు దిగాక తెలిసింది. ఏ సందు ఎటు పోతుందో తెలియలేదు. జకరయ్యకు తెలియని కుప్పం లేదని నెల్లూరులో అనేవాళ్ళు. అది విని నేను తలాడించేవాణ్ని.

పేరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. గొంతు విని గుర్తుపట్టింది. “ఓహో, స్థానికుల మొగుడు! ఇప్పటికి దారి దొరికినాదా సామీ?” అంది. నేను నిలబడే ఉన్నాను. “నిలబడతావేంది, కూకో. బస్సుకు కండ్లు ఉండాయిలే” అంది. మీ అక్క మాట. నేను కూర్చున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. మీ అక్క సాయంత్రం ఏ బస్సులో కోటలో దిగేదో, అదే బస్సు గూడూరు వెళ్ళేది. నా న్యూస్ కవరు దాన్లోనే పోవాలి. డ్రైవరు టీ తాగి వచ్చేదాకా నాకు వ్యవధి. ఆమె గంపలవాళ్ళ మధ్య నుంచి దిగి, చీరె కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టేది. నేను బానెట్ మీద కాగితం పెట్టుకుని రాసేవాణ్ని. కాగితం కింద ఇంజను వేడిగా ఉండేది. ఎంతమంది, ఏ ఇల్లు, పడవ ఎవరిది, అన్నీ వరసగా చెప్పేది. నేను అడగాల్సింది ఉండేది కాదు. చివర్లో ఎవరు చెప్పారో రాయాలి కదా. తల ఎత్తేవాణ్ని. ఎదురుగా ఆమె ఉండేది. ‘స్థానికులు తెలిపారు’ అని రాసి కవరు అంటించేవాణ్ని. ఆమె అది చూసేది. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. తన స్నేహితులతో కలిసి నవ్వుకుందని నీ ఉత్తరంలో చదివాను. నా దగ్గర నవ్వలేదు.

బడి నుంచి అలసి వచ్చిన మనిషి మంచినీళ్ళు తాగిందా అని కూడా అడిగేవాణ్ని కాదు. బస్సు వెళ్ళిపోతుందని.

విలేఖరి ఇంటి గోడ వార్తలోకి రాకూడదన్నారు మా ఎడిటరు గారు. ఆ మాటను నేను నిష్ఠగా పాటించాను. ఆ గోడ మీదే కలం ఆనించి రాశానని ఆయనకు చెప్పలేదు.

ఇంకొక సంగతి. నవ్వుకో. బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు అమ్మాయి ఏంజెలిన్‌ను బతిమాలి వికీ తెరిపించాను. ఆ అమ్మాయి నా పేరున ఒక ఖాతా చేసింది. నడికుప్పం పేజీలో ‘స్థానికులు’, పక్కనే చిన్నగా ‘ఎవరు?’. నువ్వు చెప్పినట్టే ఉంది. ‘మార్చు’ అన్న చోట నొక్కి, స్థానికులు అన్న మాట చెరిపి, ఎలిశబెతు అని ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టాను. కంప్యూటరు రాదని ఇంటికి పంపినవాణ్ని ఆ క్షణంలో తిట్టుకోలేదు. ఏంజెలిన్ టీ తెప్పించింది. అది తాగి మళ్ళీ చూస్తే ఆమె పేరు లేదు. మళ్ళీ స్థానికులే. పక్కన ఎవరో రాశారు: ‘ఆధారం లేదు.’

కోపం రాలేదు బెన్హర్. సరిగ్గానే చేశాడు. నేను డెస్క్‌లో ఉన్నా అదే చేసేవాణ్ని.

అప్పుడు నీ మాట గుర్తొచ్చి ‘చరిత్ర’ తెరవమన్నాను. అక్కడ ఉంది. నేను మార్చిన గంట, చెరిపిన మాట, చేర్చిన మాట. ఆకుపచ్చ గీత మీద ఎలిశబెతు. తర్వాత ఎవరో దాన్ని తీసేసిన సంగతి, ఆ తీసేసిన పేరుతో సహా. పేపర్లో నేను రాయకుండా వదిలేసింది ఎక్కడా మిగల్లేదు. ఏ సంపుటంలో వెతికినా, నేను ఏ పేరు వదిలేశానో కనిపించదు. ఇక్కడ కొట్టేసినదాన్ని కూడా దాచిపెట్టారు. వీటిని ఆకాశరామన్న రాతలని అన్నాను. పేరు పెట్టి రాసినవాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను.

శివశంకర్‌ను కలువు. నేను వెళ్ళాలి, వెళ్ళలేను, ఇంకా మొహం చెల్లదు. ఆయాసం ఎక్కువైందని చెప్పు, అబద్ధం కాదు. కింద ఒక వార్త రాశాను. వేసే పేపరు లేదు, ఆధారంగా చూపడానికి పనికిరాదు. అయినా వాడికి చూపించు. కాపీ వాడి ఇష్టం, ఏ అక్షరమైనా కోయమను. పేరు తప్ప.

‘కోట, 2018 మార్చి 9: నడికుప్పం మిషను బడి ఉపాధ్యాయురాలు ఎలిశబెతు (64) శుక్రవారం కోటలో మరణించారు. చేపల గంపలను బస్సు ఎక్కించిన మనిషిగా తీర గ్రామాల్లో ఆమె అందరికీ తెలుసు. నడికుప్పం గురించి పత్రికల్లో వచ్చిన వార్తలన్నీ ఆమె చెప్పినవే. ఆమెకు తమ్ముడు బెన్హర్, భర్త ఉన్నారు. ఈ వివరాలను నడికుప్పం గ్రామానికి చెందిన పేరమ్మ తెలిపారు.’

బావ